మా ఇంటి ఫారాలన్నీ నేనే నింపాను

మా నాన్న నడక మారినప్పుడు రేపల్లెలో సగంమంది ఆయన తాగుడు మొదలెట్టాడనుకున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పక్కకి పిలిచి మెత్తగా మందలించారు కూడా. నాన్న జన్మలో కల్లు ముట్టలేదు. చేతులు వాటంతట అవే ఎగిరేవి, మాట ముద్దగా వచ్చేది, మింగడం కష్టమైపోయింది. చివరి ఏడాది ముక్కులోంచి గొట్టం వేశారు. దాన్ని పీకేసుకోకుండా చేతులు రెండూ మెత్తటి గుడ్డతో మంచానికి కట్టాం. కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాత అన్నయ్య వంతు. అతను బస్సు కండక్టరు, రేపల్లె-తెనాలి రూటు. కదిలే బస్సులో మనిషి తూలితే ఎవరికి అనుమానం వస్తుంది? అలా చాలాకాలం గడిచిపోయింది. నేను బాపట్ల నుంచి చూడ్డానికి వెళ్ళిన ఒకరోజు, కాఫీ గ్లాసు అందుకుంటుంటే అతని చిటికెన వేలు ఒక్కటే ఉలిక్కిపడ్డట్టు లేచి పడింది. నేను చూశానని అన్నయ్య చూశాడు. ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

అన్నయ్యకి వైద్యం చేస్తున్న డాక్టరు ద్వారా నాన్నకీ అతనికీ వచ్చిన ఆ నరాల జబ్బు మీద జన్యు పరిశోధన చేసేవాళ్ళు మా ఇంటికొచ్చారు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశమని ఓపిగ్గా చెప్పారు. అన్నయ్య, అతని కూతురు, మా చిన్నాన్న కొడుకులిద్దరు, నేను. మొత్తం అయిదుగురం రక్తం ఇవ్వడానికి వరండాలో కూర్చున్నాం.

మా ఇంట్లో ఫారం అంటే నేనే. లెక్కల టీచర్ని, చేతిరాత బాగుంటుంది. బ్యాంకు కాగితాలైనా, రేషను కార్డు దరఖాస్తయినా నేను నింపి వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం చేయడం మావాళ్ళకి అలవాటు. ఆ రోజూ అదే చేశాను. పరిశోధనకి వచ్చిన డాక్టరమ్మాయి మొహమాటపడింది.

“ఎవరిది వాళ్ళే చదువుకోవాలి మేడమ్.”

“వాళ్ళకి నేను చెప్తాలే అమ్మా. నువ్వు సూది సంగతి చూసుకో” అన్నాను.

ఆఖరి పేజీలో ఒక ప్రశ్న ఉంది: ఫలితం మీకు తెలియజేయాలా? అయిదు ఫారాల్లోనూ ‘వద్దు’ అన్నచోట టిక్కు పెట్టాను. ఎవరికీ చదివి వినిపించలేదు. అన్న కూతురు అప్పుడు డిగ్రీ చదువుతోంది. తొంగిచూసి, “ఏంటత్తా అది?” అంది.

“ఏం లేదులే, ఇక్కడ సంతకం పెట్టు.”

వాళ్ళ మేలు కోసమే అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది, చివరికి నాదీ బయటపడుతుంది. నాకు భయం వేసింది. అంతే.

అన్నయ్యకి మాట పూర్తిగా పోకముందు ఒక ఆదివారం, వదిన చర్చికి వెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు.

“అమ్మాయ్... నాన్నకి చేసినట్టు నాకు చెయ్యనివ్వకు. గొట్టం వద్దు. నోటితో మింగినన్నాళ్ళే. నువ్వు చెప్తే ఎవరూ కాదనరు.”

సరేనన్నాను. ఫారాల మనిషిని, ఆ మాట మాత్రం కాగితం మీద పెట్టలేదు.

ఏడాది తిరక్కుండానే అన్నయ్యకి నిమ్ము చేసి తెనాలిలో ఆసుపత్రిలో చేర్పించాం. మింగడం పూర్తిగా పోయింది. పెద్ద డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

“ట్యూబు వేస్తే కొన్ని నెలలు గడవచ్చు. వద్దనుకుంటే బాధ తెలియకుండా మేం చూసుకుంటాం. ఈ విషయంలో ఆయన ముందుగా ఎవరితోనైనా ఏమన్నా అన్నారా అండి?”

“అన్నం పెట్టకుండా చంపుకుంటామా?” అని వదిన ఏడ్చింది.

అందరూ నావైపు చూశారు. ఆ మాట చెబితే అన్నయ్య చావు నా చేతిమీదుగా జరిగినట్టవుతుందనిపించింది.

“నాకేం తెలియదండి” అన్నాను.

ట్యూబు వేశారు. ఏడు నెలలు. వదిన రెండు గంటలకోసారి జావ పల్చగా వడకట్టి పోసేది, ఒళ్ళు తుడిచేది, పుండు పడకుండా పక్కకి తిప్పేది. చేతులు కట్టాల్సి వచ్చింది. నేను వెళ్ళినప్పుడల్లా అన్నయ్య కళ్ళు గుమ్మం దగ్గర్నుంచే నా వెంట తిరిగేవి. ఆ చూపు భరించలేక పోనుపోను వెళ్ళడం తగ్గించాను. సమాధి చేసిన రోజు వదిన నాతో, “ఒక్క పూట కూడా మీ అన్నయ్యని పస్తుంచలేదు అమ్మాయ్” అంది.

ఆ మాటే ఇప్పుడు నా పీకల మీద కూర్చుంది.

అన్న కూతురికి అప్పటికే పెళ్ళయింది. పిల్లల్ని కనేముందు తన ఫలితం తెలుసుకోవాలని పరిశోధనవాళ్ళకి రాసింది. మీ ఫారంలో వద్దని ఉంది, మనసు మారితే మీరే స్వయంగా రండి, మాట్లాడి మళ్ళీ పరీక్ష చేస్తాం అని జవాబొచ్చింది. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. టిక్కుల సంగతి ఒప్పుకున్నాను. మొదలెట్టాక ఆగలేక, వాళ్ళ నాన్న నాతో అన్న మాటా చెప్పేశాను. పిల్ల తిట్టలేదు. టీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

మూడు నెలలు ఫోను లేదు. మొన్న శనివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎదురుగా కూర్చుంది.

“రిపోర్టు వచ్చింది. నేను, మా ఆయన పిల్లలొద్దనుకున్నాం అత్తా.”

ఇంకేం అడగాలి? పెన్ను పక్కన పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఆ పిల్లకి రాలేదు.

“నాకు గొట్టం వద్దు. రాసి పెట్టుకుంటున్నాను. కానీ కాగితం ఎంతున్నా, ఆ రోజు అమ్మ గుండెలు బాదుకుంటే మా ఆయన దాని మీద నిలబడలేడు. నాన్న వద్దన్నాడని అమ్మకి తెలియాలి. అప్పుడే నా మాట వింటది.”

“తెలిస్తే మీ అమ్మ బతకదే. ఆ ఏడు నెలలూ పుణ్యం చేశాననుకుంటోంది.”

“నాకు తెలుసు” అంది. “నేను చెప్తే నమ్మదు. నాన్న చెప్పింది నీకు.”

నన్ను అడగకుండానే నా ఫోన్లో వాళ్ళమ్మ నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది. రెండుసార్లు మోగింది.

“ఏం అమ్మాయ్, భోంచేశావా?” అంది వదిన.