మిగిలిపోయిన తెల్ల చొక్కా

ఇస్త్రీ బాబాయ్ బట్టల మీద ఏ గుర్తూ పెట్టడు. పోనీ ఏవి ఎవరివో జ్ఞాపకం ఉంటాయా అంటే, చచ్చినా ఉండవు. ఇస్త్రీ చేసిన మూట తన పెంపుడు కుక్క ముక్కు దగ్గర పెడతాడు. అది వాసన చూసి ముందు నడుస్తుంది, ఈయన దాని వెనక నడుస్తాడు. అదేదో ఘనకార్యమైనట్టు అందరికీ చెప్పుకుంటాడు కూడా.

"నీకంటే అదే నయం. రేపట్నించి ఇస్త్రీ కూడా దాన్నే చెయ్యమను," అని భార్య దెప్పుతుంది. ఇన్నేళ్లలో కుక్క ఒక్క గుమ్మం కూడా తప్పలేదు మరి.

ఆ మధ్యాహ్నం మూటలన్నీ ఇచ్చేశాక కొట్లో బల్ల మీద ఒక తెల్ల చొక్కా మిగిలింది. అలవాటుగా కుక్కకి చూపించాడు. అది తోకాడిస్తూ వీధి చివరికి వెళ్లి, ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇంటి ముందు ఆగింది.

"ఎండకి మతి పోయిందా ఏమే? ఇక్కడెవరున్నారు?" అని బాబాయ్ కసిరాడు.

కుక్క వినిపించుకోలేదు. గుమ్మం కేసి మెడ చాచింది. ఎవరో తల నిమురుతున్నట్టు దాని చెవులు మెల్లగా వెనక్కి అణిగాయి, కళ్లు మూతలు పడ్డాయి.

బాబాయ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. చొక్కా కిటికీ గట్టు మీద పడేసి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి పడ్డాడు.

మర్నాడు తాళం తీసి కొట్టు తెరవగానే కుక్క లోపలికి పరుగెత్తి, బల్ల ముందు నిలబడి తోకాడించింది. బల్ల మీద అదే చొక్కా ఉంది. వేసుకుని విప్పినట్టు ఒళ్లంతా నలిగింది. కాలరు దగ్గర చెమట తడి ఇంకా ఆరలేదు.