పిడికిలంత బీట్‌రూట్

ఊళ్ళో బీట్‌రూట్ అంటే యవ్దోఖదే. ఏటా కోతల సంబరానికి ఆమె తెచ్చే దుంపను ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. పదకొండేళ్ళుగా మొదటి బహుమతి ఇంకో గడప తొక్కలేదు. అలాంటి మనిషి మనవరాలు సొలోమియకు ఏడేళ్ళొచ్చినా తిన్నది ఒంటబట్టేది కాదు. గిన్నె ముందు పెడితే చాలు, కడుపు పట్టుకునేది. పదిహేను రోజులకోసారి జలుబూ జ్వరమూ.

దగ్గర్లోని అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరు పేలి పాతికేళ్ళవుతున్నా వాళ్ళ పొలేసియా ప్రాంతపు నేలలో ఆ విషం ఇంకా చావలేదు. ఒంట్లో రేడియేషన్ కొలిచే కుర్చీలో పిల్లను కూర్చోబెట్టిన ప్రతిసారీ అంకె పెరిగేది. అది దిగితే తప్ప కడుపు కుదుటపడదని, రోగాన్ని తట్టుకునే శక్తి రాదని డాక్టరు అన్నాడు. విషం ఎక్కువగా అడవిలోనే పేరుకుందని యవ్దోఖ అడవి పుట్టగొడుగులు మాన్పించింది, అడవి పళ్ళు మాన్పించింది, ఆవును అటువైపు పోనివ్వలేదు. అయినా అంకె దిగలేదు. "ఆ కుర్చీకి కళ్ళు పోయాయి!" అని తిట్టిపోసింది.

ఒక మార్చి ఉదయం ఊరి నర్సు మోత్ర, రేడియేషన్ కొలిచే చేతి పరికరంతో వచ్చేసరికి, యవ్దోఖ బీట్‌రూట్ మడుల్లో బూడిద చల్లుతోంది.

"ఏంటి పిన్నీ అది?"

"కనబడట్లా? పొయ్యిలో బూడిద. మా అమ్మమ్మ నాటి నుంచీ ఇదే ఎరువు. ఊరికే ఊరతాయా దుంపలు?"

"కట్టెలెక్కడివి?"

"ఎక్కడివేంటే, అడవివే!"

మోత్ర పరికరాన్ని బకెట్ దగ్గర పెట్టింది. అది ఆపకుండా కీచుమంది. "చెట్లు పీల్చిన విషం కట్టెలు కాలాక బూడిదలో చిక్కబడుతుంది పిన్నీ, అదే దుంపల్లోకి ఎక్కుతుంది," అంది. యవ్దోఖ బకెట్‌ను పక్కకు నెట్టేసింది. అడవిని గుమ్మంలోంచి గెంటేసి, పొయ్యిలోంచి తనే పిల్ల పళ్ళెంలోకి మోసుకొచ్చింది. తన మీద తనకే అసహ్యమేసింది.

మర్నాడే నడుం బిగించింది. ఊరి బయట, బావులకు దూరంగా, లోతుగా గొయ్యి తీయించి బూడిదంతా పూడ్చింది. పాత మడులు వదిలేసి కొట్టం వెనక కొత్త నేల తవ్వింది. పంట చేతికొచ్చేదాకా పిల్లకు దుకాణం కూరగాయలే పెట్టింది. "పోయిందా నీ గొప్ప?" అని పొరుగింటి తోదోస్య దెప్పినా కలుపు తీస్తూనే ఉంది.

సెప్టెంబరులో కోతల సంబరానికి, బూడిద వెయ్యకుండా పండించిన పిడికిలంత దుంప తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటే యవ్దోఖా, కోడిగుడ్డా?" అంది తోదోస్య. అందరూ పగలబడి నవ్వారు.

యవ్దోఖ దాని పక్కనే ఆసుపత్రి కాగితం పెట్టింది. "చదువుకోండి. అంకె సగానికి పైగా దిగింది. వేసవంతా ఒక్క జ్వరం లేదు. అదిగో, చూడండి దాన్ని!"

బెంచీ మీద సొలోమియ రెండో గిన్నె బీట్‌రూట్ సూపు ఊడ్చేసి చెంచా నాకుతోంది. "అమ్మమ్మా, ఇంకొంచెం పొయ్యవే!"

యవ్దోఖకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

ఆ ఏడు బహుమతి తోదోస్య దుంపకు వచ్చింది. మర్నాడు పొద్దున్నే బూడిద బకెట్ పట్టుకుని, గొయ్యి ఎక్కడుందో చూపించమని యవ్దోఖ గుమ్మంలోకి మొదట వచ్చింది కూడా తోదోస్యే.