తిర్సా వేసుకోనన్న బట్టలు

తిర్సా అబెకసీస్‌కు ఒకటే జబ్బు. యూనిఫామ్ వేసుకోదు. పద్దెనిమిదేళ్ళకు సైన్యం ఇచ్చింది వేసుకోలేదు, నలభై ఏళ్ళకు నాటకంలో నేను కుట్టిచ్చిందీ వేసుకోలేదు. హైఫాలో మా థియేటర్‌కు ముప్ఫై ఒక్క ఏళ్ళు బట్టలు కుట్టాను. మహారాణుల్ని చూశాను, తాగుబోతుల్ని చూశాను, ఒకే మనిషిలో ఇద్దర్నీ చూశాను. ఇంతటి మొండిఘటాన్ని మాత్రం చూడలేదు.

మా దేశంలో పద్దెనిమిది నిండితే ఆడపిల్లయినా సైన్యానికి వెళ్ళాల్సిందే. తప్పించుకునే దారులు లేకపోలేదు. మినహాయింపులిచ్చే కమిటీలో కూర్చున్న పెద్దాయన, పాపం, ఒక్కొక్కటీ నోటికి అందించాడట.

“దైవభక్తి ఎక్కువని రాయనా అమ్మాయీ?”

“లేదు.”

“పెళ్ళి కుదిరిందా?”

“లేదు.”

“పోనీ, మతి సరిగా లేదా?”

“మీకంటే బాగానే ఉంది. తుపాకీ పట్టను, పట్టేవాళ్ళకి టీ కూడా కాయను. అదే రాయండి.”

అదే రాశాడు. సైనిక జైలుకు పంపారు. అక్కడా యూనిఫామే ఇచ్చారు. రెండు వారాలు దుప్పటి కప్పుకుని కూర్చుందట. నా ముగ్గురు కొడుకులూ కిక్కురుమనకుండా వెళ్ళొచ్చారు. వాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసి చేసి నా భుజం పడిపోయింది. ఈవిడగారు దుప్పటి కప్పుకుని గొప్పదైపోయింది!

బయటికొచ్చాక ఏ పనికి వెళ్ళినా “సైన్యంలో ఎక్కడ చేశావు?” అన్నదే మొదటి ప్రశ్న. సమాధానం విని చేపలవాడు కూడా తూచిన చేపను మళ్ళీ మంచులో పడేశాడు. చివరికి మా థియేటర్ తీసుకుంది. ఆమె గొంతు ఆఖరి వరసలో చెవిటివాళ్ళకు కూడా వినిపిస్తుంది, అందుకు.

అప్పట్నుంచి నా ప్రాణానికి వచ్చింది. ఉత్తరాలు పంచే అమ్మాయి వేషమా? యూనిఫామ్. విమానంలో వడ్డించే అమ్మాయా? యూనిఫామ్. నర్సు వేషమిస్తే నైట్‌గౌనులో వచ్చింది; రోగి లేచొచ్చిందనుకుని ముందు వరసలో ముసలాయన “పడుకోమ్మా, పడుకో!” అని అరిచాడు. పోలీసు ఇన్‌స్పెక్టరుగా తలకు తువ్వాలు చుట్టుకుని, స్నానం మధ్యలో లేచొచ్చి హంతకుణ్ణి పట్టుకుంది. పత్రికలవాళ్ళు దాన్ని కళ అన్నారు. వాళ్ళు దేన్నైనా అంటారు.

“అసలు నీ లెక్కలో యూనిఫామంటే ఏంటే?” అని నిలదీశాను.

“ఇద్దరికి ఒకేలా కుట్టిన ఏ బట్టయినా, ఫ్లోరా పిన్నీ.”

“మరి మహారాణి కిరీటం?”

“అది ఒక్కతే పెట్టుకుంటుంది. పెట్టుకుంటాను.”

“ఎందుకు పెట్టుకోవు తల్లీ!”

నేను పని విరమించడానికి పంతొమ్మిది నెలలు ఉండగా గ్రుబర్ అనే కొత్త మేనేజర్ దిగాడు. మనిషి సూదంత, గర్వం గుడారమంత. కుట్టుపని బయటివాళ్ళకు అప్పగించాలని అతని తాపత్రయం. నా కుట్టులో ఒక్క తప్పు దొరికితే చాలు, ఇంటికి పంపేస్తాడు, పింఛను గల్లంతు. అప్పటికే నా రెండు కళ్ళకూ శుక్లాలు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్తాను? సూదిలో దారం వేళ్ళతో తడుముకుని ఎక్కించేదాన్ని.

ఆ ఏడాది నాటకంలో తిర్సా పెళ్ళికూతురు. ఆరు వారాలు కూర్చుని పట్టు గౌను కుట్టాను, వీపున నలభై గుండీలు. గ్రుబర్ స్వయంగా రిహార్సల్‌కు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. లోపల తిర్సా గౌను తొడుక్కుంది, అద్దంలో చూసుకుంది, చేతులు రెండూ ముందుకు చాచింది. గభాలున విప్పేసింది.

“విప్పావేంటే?”

“ఇది యూనిఫామ్. వేసుకోను.”

“పెళ్ళి గౌనా!”

“పెళ్ళికూతుళ్ళంతా ఇదే కదా వేసుకునేది?”

వెలిసిపోయిన వంటింటి గౌనుతో వేదికెక్కింది. గ్రుబర్ ఎగిరిపడ్డాడు.

“పెళ్ళి గౌనేది? తీసుకురండి, నేను చూస్తాను!”

“వేసుకోనిది చూసి ఏం చేస్తారు?”

“నేను మేనేజర్ని!”

“అయితే జైలుకి పంపండి.”

అరగంట అరుచుకున్నారు. గొంతు పోయి అతను ఇంటికెళ్ళాడు. గౌను మాట మరెవరూ ఎత్తలేదు. నేను ఊరుకుంటానా? “దయ్యం పట్టినదానా, ఆరు వారాల కష్టం బూడిదలో పోశావు కదే!” అని అందరి ముందూ దులిపేశాను. తలొంచుకుని వింది. తిర్సా తలొంచుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు.

మర్నాడు పొద్దున, దిండు గలీబులకైనా పనికొస్తుందని, కత్తెర పట్టుకుని గౌనును బాల్కనీ ఎండలో పరిచాను. గౌను చేతులు రెండూ కలిపి మడిచాను. ఎడమ చెయ్యి పొట్టి. వేళ్ళు పెట్టి కొలిచాను. నాలుగు వేళ్ళు. మళ్ళీ కొలిచాను. నాలుగు వేళ్ళే.

ఆ చెయ్యి ఊడదీసి, కొత్తది కత్తిరించి, ఎండ ఎటు జరిగితే అటు కుర్చీ జరుపుకుంటూ సాయంత్రానికి కుట్టేశాను. తీసుకెళ్ళి ఆమె గదిలో తగిలించాను.

“నిన్ననే చెప్పొచ్చుగా?” అన్నాను.

“ఏం చెప్పాలి?”

“చెయ్యి పొట్టిదని.”

“పొట్టిదా? నాకేం కనిపించలేదే. నీకు కనిపించిందా పిన్నీ?”

ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

మొదటి ప్రదర్శనకు గౌను వేసుకుంది. తన మాటే నెగ్గిందని గ్రుబర్ మురిసిపోయి మళ్ళీ ముందు వరసలో కూర్చున్నాడు. “కదలకు, నోరు ముయ్యి,” అని నేనే గుండీలు పెట్టాను. పూర్తి పింఛను తీసుకుంటున్నదాన్ని కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను, రెండు గుండీలు తప్పు కాజాల్లో పెట్టాను. తిర్సా చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమి చూసుకుంది. తిన్నగా వేదికెక్కింది.

మూడు అంకాల్లో ఒక్కసారి కూడా ముందు వరసకు వీపు తిప్పలేదు. పెళ్ళికొడుకుతో పోట్లాడి గదిలోంచి విసురుగా వెళ్ళిపోయే ఘట్టంలో, అంత విసురుగానూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.