గుడ్డి ముసలమ్మ వేషంలో నా ఏడాది

ఏడాది చివరి రోజు, మధ్యాహ్నం మూడున్నర. ఇంకో గంటలో మా నాటకం. హాలు మాకు కొత్తది. చెప్పులు విడిచి స్టేజీ మీద కాలు పెట్టానో లేదో, నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద చెక్క లేదు. చల్లగా, మొండిగా సిమెంటు గచ్చు తగిలింది.

గచ్చయితే కొంపలేం మునిగాయి అంటారా? మునిగాయి. ఎలాగో చెప్తాను, ఈ ఏడాదంతా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

పగలు నాది బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఇరవై రెండేళ్ళు ఆ మిషన్ల పక్కన నిలబడితే చెవులు మిగులుతాయా? కుడిది పోయింది, ఎడమది కూడా పోతోందని జనవరిలో డాక్టరు కాయితం మీద రాసి చూపించాడు. ఫ్యాక్టరీలో ఎవరూ కనిపెట్టలేదు. ఆ మోతలో మేమందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. చెవిమిషను కొన్నాను గానీ మైకు దరిదాపుల్లోకి వెళ్తే చాలు, కీచుమని గోల. డబ్బాలో పెట్టి మూతేశాను.

నా భయమంతా నాటకం గురించే. ముప్పై ఏళ్ళుగా, మా ఆయన ఉన్నప్పుడూ పోయాకా, నన్ను మనిషిలా నిలబెట్టింది అదొక్కటే. రెండేళ్ళ క్రితం మా బృందంలో ఒక పెద్దాయన మాటలు మర్చిపోవడం మొదలెట్టాడు. సభ పెట్టి, ఆయన్ని ఆకాశానికెత్తేసి, చేతిలో ఓ గోడగడియారం పెట్టి సాగనంపారు. ఆ తర్వాత ఆయన ఎలా ఉన్నాడని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు, ఏం మనిషినో నేను! రేపు నాకూ అదే గతి అని నోరు కుట్టేసుకున్నాను.

అలాంటి సమయంలో, మార్చి మొదట్లో, మా దర్శకుడు మాస్టారు కొత్త నాటకం చదివి, "గుడ్డి ముసలమ్మ వేషం నీదేనమ్మా" అన్నారు. నాకు కళ్ళు తిరిగాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి ఎలాగోలా నెట్టుకొస్తున్న దాన్ని. గుడ్డిదానికి ఇంక ఎవరి ముఖం చూసే వీలుంటుంది? రెండు గంటలు జనం తలల మీదుగా ఎటో చూస్తూ ఉండాలి. ఎవరి మాట ఎప్పుడు అయిందో నాకెలా తెలుస్తుంది? వద్దంటే ఎందుకని అడుగుతారు. సరేనన్నాను.

ఆ రోజు ఇంటికెళ్ళి దేవుడితో పోట్లాటకి దిగాను. మా ఆయన పోయినప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. "చెవులు తీసుకున్నావు, సరే. బదులు ఏదో ఒకటి ఇవ్వకుండా ఊరుకుంటే ఎలా?" అని గట్టిగానే నిలదీశాను. బతిమాలడం నాకు చేతకాదు.

రిహార్సల్లో మొదటి వారమంతా తప్పుల మీద తప్పులు. వయసు మీద పడిందని నవ్వేశాను. రెండో వారం, ఎందుకు తోచిందో గానీ, చెప్పులు విడిచి చెక్క స్టేజీ ఎక్కాను. ఎవరి మాట ముగిసినా వాళ్ళ అడుగు ఒకటి దబ్బున నా అరికాలికి తెలిసింది. ఆ అడుగు పడగానే నా మాట అందుకున్నాను. సరిపోయింది! మళ్ళీ చూశాను, మళ్ళీ సరిపోయింది. "స్టేజీ అంటే నాకు భక్తి, చెప్పులతో ఎక్కను" అని అందరికీ కోతలు కోశాను. నా గొంతు ఎంత పెరిగిందో నాకే తెలియక గుండె మీద చెయ్యి ఆనించి ఆ అదురుతో కొలుచుకునేదాన్ని. "అబ్బ, గుడ్డివాళ్ళ తీరు ఎంత బాగా పట్టావమ్మా!" అని మాస్టారు మెచ్చుకున్నారు. లోపల ఏడుపొచ్చినా పైకి పొంగిపోయాను. ఆరు ప్రదర్శనలు గడిచాయి. దేవుడితో మళ్ళీ మాటలు కలిపాను.

ఇప్పుడీ గచ్చు. కాలితో తట్టి చూశాను, రాయి మీద తట్టినట్టుంది. బయట జనం నిండిపోయారు. పడిపోయినట్టు నటిద్దామా అనుకున్నాను. "ఇదేనా నీ మర్యాద?" అని పైకి చూసి తిట్టాను. ఆ గంటా అలాగే గడిచి, తెర లేచింది.

మొదటి మాట నాటకంలో నా మనవరాలిది. ఆ వేషం బట్టలు కుట్టే ఒక పిల్ల వేసేది. కిటికీ దగ్గర నిలబడి మాట్లాడాల్సింది. నేను శూన్యంలోకి చూస్తున్నాను. నా భుజం మీద ఆ పిల్ల చెయ్యి పడింది. కాసేపు అలాగే ఉండి, గట్టిగా ఒక్క నొక్కు నొక్కింది. ఇంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు. తన మాట అయిందనడానికి అదే గుర్తనుకుని, ధైర్యం చేసి నా మాట చెప్పేశాను. ఎవరూ తడబడలేదు, కథ ముందుకే నడిచింది.

తర్వాత ఇల్లు ఖాళీ చెయ్యమని బెదిరించే ఆసామి వచ్చాడు. ఆ వేషం మా బృందంలోని పోస్టుమ్యాన్‌ది. గడప దాటకుండా అరవాల్సిన వాడు తిన్నగా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. మాట అయ్యాక వదిలేశాడు. అప్పుడు అర్థమైంది. వీళ్ళకి తెలుసు! ఒళ్ళంతా సెగలు పుట్టాయి. ఎప్పట్నుంచి? ఎంతమందికి? సిగ్గుతో చచ్చిపోతూనే నా మాటలు నేను చెప్పుకుంటూ పోయాను.

చివరి రంగంలో ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. తెర పక్కనుంచి ఆసామి ఇల్లు కూల్చేస్తానని మూడుసార్లు అరుస్తాడు. మూడోదానికే నేను జవాబివ్వాలి. ముందే అన్నానంటే జనం నవ్వుతారు, ఆలస్యమైతే నాటకం చచ్చిపోతుంది. పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు. మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టి ఎక్కడో తప్పాను. అయిపోయింది, ఇక్కడితో నా బతుకు అయిపోయింది అనుకున్నాను.

ఎదురుగా ఉన్న దీపం ఒక్కసారి మసకబారి వెలిగింది. కాసేపటికి మళ్ళీ మసకబారింది. మూడోసారి కూడా మసకబారి, వెలిగింది.

"కూల్చుకో. నేను లోపలే ఉంటాను" అన్నాను.

జనం లేచి నిలబడటం కళ్ళ చివర కనిపించింది. తెర పడింది. మాస్టారు చెప్పకుండా లైట్లాయన ఒక్క బల్బు కూడా ముట్టుకోడు. అంటే మాస్టారికీ తెలుసన్నమాట. ఆయన నా వైపు వస్తుంటే నేనే ముందు అనేశాను.

"నాకు చెవులు వినపడవు మాస్టారూ."

ఆయన వెలుతురులోకి జరిగి, నా ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కనపడేలా నెమ్మదిగా చెప్పారు. "మార్చి నుంచి తెలుసమ్మా, రిహార్సల్లో మొదటి వారం నువ్వు తప్పులు పోయినప్పుడే. ఇవాళ గచ్చు చూసి నీకంటే ముందు మేం హడలి చచ్చాం."

పోస్టుమ్యాన్ ముందుకొచ్చి కాలెత్తి మడమ చూపించాడు. "అక్కా, ప్రతి మాటకీ దీన్ని చెక్క మీద కొట్టీ కొట్టీ నా నడుం పడిపోయింది. నీ పక్కన వేషం కంటే ఉత్తరాలు పంచడమే సుఖం!"

అందరూ నవ్వారు. దేవుడి మహిమ అని నేను దణ్ణాలు పెట్టిన అడుగులు ఈ తొమ్మిది మందివా! నేను అడిగినందుకు ఆయనే వీళ్ళని పురమాయించాడో, వీళ్ళంతట వీళ్ళే చేశారో, ఆ సంగతి ఆయనతో తర్వాత తేల్చుకుంటాను. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సింది పోయి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"తెలిసి కూడా, ఏడాదంతా నన్ను ఒక్కదాన్నే ఏడవనిచ్చార్రా?"

బట్టలు కుట్టే పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే చెప్తావని చూశాం పిన్నీ. మేం అడిగితే ఇంక రావేమోనని భయమేసింది."

నేను లేకపోతే వీళ్ళకీ భయమే! అది నాకు ఈ ఏడాదిలో ఒక్కనాడూ తట్టలేదు. ఆ గచ్చు మీదే కూలబడి ఏడ్చాను. నా ఏడుపు నాకు వినపడలేదు. చుట్టూ వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది, ఎంత గట్టిగా ఏడుస్తున్నానో.