రంగు పోయిన నీళ్లు

చీపురుపల్లి దగ్గర నూలుకు రంగు వేసే చిన్న షెడ్డు నాది. దాని కాలవ, అప్ప అని నేను పిలిచే మా అక్క తోటకూర మళ్ల మీదుగా పోతుంది. ఏళ్ల తరబడి నా ఎర్రనీళ్లూ నీలంనీళ్లూ అక్కడే ఇంకాయి. అప్ప గొణిగితే, "ఎర్ర తోటకూర విత్తనం కొనక్కర్లేదులే" అని నవ్వేవాణ్ణి. పోయిన వేసవిలో మళ్లన్నీ మాడిపోయాయి. అప్ప తిట్టలేదు. "ఇంక విత్తనం సల్లనురా" అంది. తిట్టినా బాగుండేది.

విజయనగరంలో ఒక కాలేజీవాళ్లు కూరగాయల చెత్తతో బొగ్గు చేసి, దాంతో రంగునీళ్లు వడగడుతున్నారని విని వెళ్లి చూసొచ్చాను. సంతలో పారేసిన క్యాబేజీ ఆకులు, వాడిపోయిన ములక్కాడలు ఏరుకొచ్చి ఎండబెట్టాను. వాళ్లు చెప్పినట్టే యాసిడ్‌లో నానబెట్టి, గాలి చొరకుండా మూసిన డబ్బాలో కాల్చి, యాసిడ్ పోయేదాకా కడిగాను.

అప్ప ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏట్రా, సెత్త కూడా వండతన్నావా?"

ఆ బొగ్గులోంచి నీలంనీళ్లు దించితే గ్లాసు అడుగు కనిపించింది. నా పనంతా కంటితోనే. తడి నూలు చూసి, ఆరాక ఏ ఛాయకు వస్తుందో చెప్పేస్తాను. అందుకే రంగు పోతే నీళ్లు బాగుపడ్డట్టే అనుకున్నాను. పరీక్ష చేయించమని కాలేజీవాళ్లు చెప్పిన మాట గుర్తుంది. అయినా లెక్కచేయలేదు. అప్పను బతిమాలి ఒక మడిలో విత్తనం చల్లించి, ఆ నీళ్లే పెట్టించాను. మొలకలు వచ్చాయి, కొసలు మాడాయి, పడిపోయాయి.

గట్టున తెల్లగా పేరుకున్నది గోటితో గీకి అప్ప నా అరచేతిలో పెట్టింది. "ఉప్పురా. బస్తాలకు బస్తాలు తొట్టిలో పోసేది నువ్వే కదా."

నేనే. నూలుకు రంగు పట్టాలంటే ఉప్పు వెయ్యాలి. బొగ్గు రంగును పట్టుకుంటుంది, ఉప్పును వదిలేస్తుంది. రోజూ ఉప్పు పోసే నాకే అది తట్టలేదు.

ఇప్పుడు తొట్టిలోని ఉప్పునీళ్లు బయటికి పోవు. బొగ్గులో రంగు తీసి, వాటినే మళ్లీ రంగు వేయడానికి వాడుతున్నాను. నూలు కడిగిన నీళ్లను కూడా బొగ్గులో వడగట్టి, పరీక్ష చేయించాకే కాలవలోకి వదులుతున్నాను.

ఈసారి విత్తనం చల్లమని నేను అడగలేదు. వానలకు ఉప్పు కొంత కొట్టుకుపోయాక అప్పే పార పట్టింది.

"ఒక్క మడేరా. దీన్ని కూడా సంపేసినావంటే ఆ నూలే ఉడకబెట్టుకు తినాల నువ్వు."

మొలకలు నాలుగేసి ఆకులు వేశాయి. కొసలు పచ్చగానే ఉన్నాయి. ఈ పొద్దున్న షెడ్డు తలుపు తీసేసరికి అప్ప రెండో మడి తవ్వుతోంది.