పడవ పాట పుట్టుపూర్వోత్తరాలు

అబద్ధాలు ఆడినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. కానీ ఆ అబద్ధాన్ని రామనామంతో కలిపి, తాళాలు వాయించి, హాలు నిండా జనం చేత కోరస్ పాడించినవాణ్ని నాకు తెలిసి నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను, అలవాటైపోయింది.

అప్పటికి నేను ఉద్యోగానికని కెనడాలోని ఏజాక్స్ ఊరికి వచ్చి కొన్ని వారాలే అయింది. ఆఫీసులో ఇంగ్లిష్, అద్దెకున్న బేస్‌మెంట్‌లో నిశ్శబ్దం. శనివారం మాత్రం విశ్వనాథం గారింట్లో భజన. ఆయన హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. నన్ను ఆ ఇంటికి లాక్కెళ్లింది భక్తి కాదు. ఆయన భార్య శారద ఆంటీ చేసే పులిహోర, నలుగురు తెలుగులో మాట్లాడుకునే చప్పుడు. ఆ శనివారాలే లేకపోతే ఆ చలికాలం గడిచేది కాదు.

ఆ భజన బృందానికి ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్లు తమ ఊరి భజన ఒకటి అందరికీ నేర్పాలి. నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో. మా ఊరి పాటంటే లిఫ్ట్ తలుపు తెరిచిపెడితే వచ్చే ట్యూనే.

నా వంతు వచ్చేసరికి ఏమీ తోచక, రోజూ ట్రైన్‌లో చెవుల్లో మోగే ఒక పాత బ్లూస్-రాక్ పాట అందుకున్నాను. బ్లూస్ అంటే కష్టాల పాట. దానికి కరెంటు గిటార్ తగిలిస్తే బ్లూస్-రాక్. అందులో భార్య వదిలేసిన ఒకాయన విస్కీ సీసాతో మొరపెట్టుకుంటాడు. నేను సీసా తీసేసి రాముణ్ని పెట్టాను. "రామా, దరి చేర్చు రామా" అని సాగదీసి, గిటార్ రావలసిన చోట నోటితో "తందాన తాన" అన్నాను.

పాట అయ్యాక అందరూ నన్నే చూస్తున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. శారద ఆంటీ కళ్లు తుడుచుకున్నారు.

"ఎంత ఆర్తిగా ఉంది బాబూ. ఏ ఊరిది?"

"మా అమ్మమ్మగారి ఊరిది ఆంటీ. గోదావరి పక్కన."

విశ్వనాథం గారు తల పంకించారు. "శుద్ధ ధన్యాసి రాగంలా ఉందే. ఎవరు పాడేవాళ్లు?"

"పడవవాళ్లు అంకుల్."

"ఏటికి ఎదురు వెళ్లేటప్పుడా, వాలుకా?"

"ఎదురుకే అంకుల్. అందుకే ప్రతి లైనూ రెండుసార్లు వస్తుంది. ఒకసారి తెడ్డు వెయ్యడానికి, ఇంకోసారి ఊపిరి తీసుకోడానికి."

మా అమ్మమ్మది అనంతపురం. ఆవిడ జన్మలో పడవ ఎక్కలేదు, పెన్నలో నీళ్లు చూసిందీ తక్కువే.

పాట అందరికీ పట్టుకుంది. వారం వారం విశ్వనాథం గారు ఒక ప్రశ్న వేసేవారు, నేను ఒక జవాబు పుట్టించేవాణ్ని. "ఆ తందాన ఎందుకయ్యా?" అంటే "మొసళ్లు దగ్గరికి రాకుండా" అన్నాను. ఆ నోటితోనే పులిహోర తినేవాణ్ని, చూడండి.

ఇంతలో హామిల్టన్ తెలుగువాళ్ల ఉత్సవం వచ్చింది. "పాటకు ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు స్టేజి మీద నువ్వే చెప్పాలి" అన్నారు విశ్వనాథం గారు. చెప్పాను. మైకు చేతికొచ్చేసరికి నా పాటకు మూడు వందల ఏళ్ల వయసూ, ఒక పెద్ద వరదా వచ్చి చేరాయి. తర్వాత అందరం పాట ఎత్తుకున్నాం. ముందు వరసలో ఒక కెనడా ముసలాయన అతిథిగా కూర్చున్నాడు. తందాన దగ్గరికి రాగానే కళ్లు మూసుకుని, పొట్ట మీద లేని గిటార్ వాయించడం మొదలుపెట్టాడు. ఒక్క స్వరం తప్పలేదు. నేను గబగబా తర్వాతి లైను ఎత్తుకున్నాను. విశ్వనాథం గారు మాత్రం ఏమీ ఎరగనట్టు తాళం వేస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన డ్రైవ్ చేస్తూ స్టీరియో ఆన్ చేశారు. విస్కీ సీసా ఆయన ఏడుపు అందుకున్నాడు.

"మీ పడవవాళ్లేనా?"

నేను స్టీరియో సౌండ్ తగ్గించబోయాను.

"కుర్రతనంలో ఈ దేశంలోనే, సస్కటూన్‌లో చదివేటప్పుడు స్టూడెంట్ బ్యాండ్‌లో ఈ పాటకి బేస్ గిటార్ వాయించింది నేనే."

"అంటే మొదటి రోజే..."

"మొదటి 'రామా'కే."

"మరి చెప్పలేదేం అంకుల్?"

"నీ గోదావరి వారం వారం పొంగుతోంది కదా, ఎంత దూరం వస్తుందో చూద్దామని. అయినా ఈ రాక్ వాళ్లదీ సొంత పాట కాదులే. అమెరికా సౌత్‌లో ఒక నల్లజాతి గాయకుడి దగ్గర తీసుకున్నారు. ఆయనేమో వాళ్లమ్మ చర్చిలో పాడే ప్రార్థన నుంచి తీసుకున్నాడు. నువ్వు మళ్లీ దేవుడి దగ్గరికే చేర్చావు. మధ్యలో ఆ మొసళ్లే ఎక్కువయ్యాయి."

"ఇక శనివారాలు రావద్దా అంకుల్?" అని అడిగాను.

వెనక సీట్లోంచి శారద ఆంటీ అన్నారు. "రాకపోతే పులిహోర ఎవరు తింటారు? వచ్చి తిని, గిన్నెలు కూడా కడుగు."

అప్పటినుంచీ శనివారం గిన్నెలు నావే. ఆ ఉత్సవం వీడియో మాత్రం తెలుగువాళ్ల ఫోన్లలో ఊరూరూ తిరిగింది. పోయిన నెల సస్కటూన్ నుంచి ఏజాక్స్‌కి మారిన ఒక కుర్రాడు భజనలో చేరాడు. మీ ఊరి పాట నేర్పమంటే భక్తిగా కళ్లు మూసుకుని "రామా, దరి చేర్చు రామా" అని ఎత్తుకున్నాడు, తందానతో సహా.

"ఏ ఊరిది నాయనా?" అన్నారు విశ్వనాథం గారు, నా వైపు చూడకుండా.

"మా తాతగారి ఊరిది అంకుల్. కృష్ణ ఒడ్డున. పడవవాళ్లు పాడేవాళ్లు."

"ఏటికి ఎదురు వెళ్లేటప్పుడా, వాలుకా?"

నేను లేచి వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు తోమే స్క్రబ్బర్ చేతిలో పట్టుకుని రామసాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకే పాటకూ ఊరు కట్టబెట్టను. ప్రమాణం పూర్తయ్యాక ఆ స్క్రబ్బర్ తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టాను.