అత్తమ్మకు పెట్టిన గాలి

జహీరాబాద్ బస్టాండు దగ్గర మాది చిన్న జొన్నరొట్టెల హోటల్. అక్కడ కట్టెల పొయ్యి ముందు మా అత్తమ్మ వయసంతా గడిపింది. ఎవరైనా "చాలు" అంటే ఆమెకు నచ్చేది కాదు. పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టినా పక్కనుంచి ఇంకో రొట్టె జార్చేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను చూసి చూసి పప్పు వడ్డిస్తుంటే గరిటె లాక్కుంది. "మనింట్ల కొలిచి పెట్టుడు లేదు బిడ్డా" అంది.

ఆ పొయ్యి పొగే ఆమె ఊపిరితిత్తులను పాడు చేసింది. పోయిన చలికాలం డాక్టరు ఇంటికి ఆక్సిజన్ మిషను రాశాడు. దాని ముందున్న గొట్టంలో ఒక గోళీ ఉంటుంది. నాబు తిప్పితే గాలి పెరిగి గోళీ పైకి లేస్తుంది. ఒకటో గీత దాటొద్దన్నాడు. ఎందుకో కూడా చెప్పే ఉంటాడు, నేను వింటేగా! నా కళ్లన్నీ ఆమె వేలికి పెట్టిన, ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు మీదే. అందులో అంకె తొంభై దగ్గర ఆగిపోతే నాకు మనసొప్పేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆయాసపడుతుంటే చూడలేక గోళీని నాలుగో గీత దాకా లేపాను. క్లిప్పులో అంకె తొంభై ఎనిమిదికి ఎక్కింది. అత్తమ్మ కళ్లు మూతపడ్డాయి. ఎన్నాళ్లకు హాయిగా పడుకుందో అని సంబరపడి, దుప్పటి కప్పి హోటల్‌కు పోయాను. సాయంత్రం చాయ్ తెచ్చి లేపితే లేవలేదు.

దవాఖానలో డాక్టరు ఆమె మణికట్టులో లోతుగా సూది దించాడు. బాగా నొప్పి పుట్టే సూది అట. ఆమె చెయ్యి కూడా కదపలేదు. ఆ నెత్తురు రెండు మూడు చుక్కలు ఒక ప్లాస్టిక్ బిళ్లలో వేసి, చేతిలో పట్టే చిన్న మిషనులో పెట్టాడు. కాసేపట్లోనే అంకెలు వచ్చాయి.

"ఆక్సిజన్ ఎవరు పెంచిన్రమ్మా?"

"నేనే సార్. క్లిప్పుల మంచిగనే చూపెట్టింది!"

"క్లిప్పు ఆక్సిజన్ ఒక్కటే చూస్తది. మనం విడిచే చెడుగాలి లోపల్నే నిండితే దానికి తెల్వది. ఈ బిళ్లల సిలికాన్ చిప్పు ఉంటది, దాని మీది సెన్సర్లు రెండూ చూస్తయి. ఈమె లాంటోళ్లకు ఆక్సిజన్ ఎక్కువైతే చెడుగాలి పెరిగి గిట్ల మత్తు వస్తది."

నాకు ఒళ్లు మండింది. "ఆక్సిజన్ లేక సస్తరు గని, ఎక్కువై సస్తరా సార్?"

ఆయన మిషనులో చెడుగాలి అంకె చూపించాడు. వేలిగోరంత కూడా ఉండదట ఆ చిప్పు. దాన్ని పట్టుకుని నలిపేయాలనిపించింది. తర్వాత ఆ కోపమంతా నా మీదికే తిరిగింది. నేను నిద్ర అనుకున్నది నిద్ర కాదు. పైగా దుప్పటి కప్పి మరీ పోయాను. ఆ దుప్పటి చూస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మాస్కు బిగించి మిషనుతో ఊపిరి ఆడించారు. మర్నాడు మళ్లీ మణికట్టులో సూది గుచ్చితే అత్తమ్మ, "అబ్బా! నీ చెయ్యి విరగ!" అని డాక్టరును తిట్టింది. ఆయన నవ్వుతూ కొత్త బిళ్ల తీశాడు. అంకెలు రాకముందే నేను ఏడ్చేశాను.

ఇంటికి వచ్చాక, "నీ పానం మీదికి తెచ్చింది నేనే అత్తమ్మా" అన్నాను.

"నువ్వు పెట్టినవ్, నేను తిన్న. గంతే" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు గోళీ ఒకటో గీత మీదే ఉంటోంది. నిన్న స్నానం చేసి మంచం దాకా వచ్చేసరికి ఆమెకు ఆయాసం ఎక్కువైంది. నా కొంగు పట్టుకుంది.

"దమ్ము ఆడ్తలేదు బిడ్డా. జర పెంచు."

"వద్దత్తమ్మా. జర ఓర్సుకో. మెల్లగ ఊదు."

"జరంత. నీ కాల్మొక్కుత."

అత్త కోడలితో అనాల్సిన మాటేనా అది? నా చెయ్యి నాబు మీదికి పోతుందేమోనని భయపడి, ఆ చేత్తోనే ఆమె వీపు రాస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఆయాసం కాస్త తగ్గింది. ఆమె కొంగు వదిలేసి గోడవైపు తిరిగింది.

"చాలు బిడ్డా" అంది.

మా ఇంట్లో ఆ మాట అన్న మనిషికి ఇంకొంచెం పెట్టకుండా లేవడం నాకు అదే మొదటిసారి.